మడిలో బుడగలు, నల్లబడ్డ వేర్లు: పీట్ నేలల్లో పుట్టే గ్యాసూ ఇదీ ఒకటేనా?

ఎడమకాలువ_రైతు | త్రిపురారం వైపు | ఫిబ్రవరి 2, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మాది సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి. వానాకాలం పంట కోశాక కొయ్యకాళ్లను అట్లనే తొక్కించి, కరిగెట చేసి, జనవరి 8న నాటు వేయించాను. నిన్న యూరియా చల్లుదామని మడిలో దిగితే అడుగు వేసిన చోటల్లా బుడబుడమని బుడగలు లేచాయి. కాలు తీస్తే ఆ గుంటలోంచి మళ్లీ బుడగలు. మురిగిన గుడ్డు వాసన. ఒక దుబ్బు పీకి చూస్తే వేర్లు బొగ్గులాగా ఉన్నాయి. పైరు పిలకలు తొడగలేదు, నాటిన రోజు ఎట్లుందో ఇప్పుడూ అట్లనే ఉంది. మూల మడిలోనైతే ఆకులు ఎర్రబడుతున్నాయి.

మా బిడ్డ నల్గొండలో బీఎస్సీ చదువుతుంది. ఫోన్‌లో చెబితే, "నాన్నా, అది మీథేన్. చలి దేశాల్లో పీట్ నేలలు అని ఉంటాయి, చివకని నాచూ గడ్డీ పేరుకున్న తడి నేలలు, వాటిలోంచి కూడా ఇదే గ్యాస్ వస్తుంది. దానితో భూమి వేడెక్కుతుంది" అన్నది.

పైరు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది. బిడ్డ అన్న మాట కూడా మనసులోంచి పోవడం లేదు. నా మూడెకరాల్లోంచి పోయే గాలి నిజంగా లోకానికి చెరుపు చేస్తుందా?

---

విస్తరణ_పెద్దాయన | సూర్యాపేట | ఫిబ్రవరి 2, ఉదయం 8:25

తమ్ముడూ, ముందు యూరియా ఆపు. వేరు నల్లబడ్డ పైరు ఎరువు తీసుకోదు, డబ్బులు నీళ్లపాలవుతాయి.

నువ్వు చెప్పినవన్నీ సల్ఫైడ్ దెబ్బ గుర్తులు, అంటే గాలి ఆడని మడిలో గంధకం నుంచి పుట్టే విషం వేర్లను చంపడం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయకట్టు ఊళ్లలో యాసంగి వచ్చిందంటే ఈ ఫిర్యాదు వినని ఏడాది లేదు. వరి మీద వరి వేసి, కొయ్యకాళ్లు చివకక ముందే నాటు వేసి, మురుగు పోయే దారి లేకుండా నీళ్లు నిలబెడితే వస్తుంది.

నీళ్లు మొత్తం తీసేసి సన్న నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టు. కాలి వేలు పట్టేంత నెర్రెలు వద్దు, వెంట్రుక మందం చీలిక కనబడితే చాలు. ఆ తర్వాత పలచగా కొత్త నీళ్లు కట్టి అప్పుడు యూరియా వెయ్యి. అమ్మోనియం సల్ఫేట్ లాంటి గంధకం ఉన్న ఎరువులు ఇప్పుడు ముట్టుకోకు. జింక్ సల్ఫేట్ కూడా మడిలో చల్లొద్దు. జింక్ లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టు.

పీకిన దుబ్బు గెట్టు మీదనే ఉంటే ఒకసారి మళ్లీ చూడు. వేర్ల నలుపు కొంత తగ్గి ఉంటుంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్, గాలి తగిలితే మారిపోతుంది. నీ మడికి కావలసిన మందు కూడా ఆ గాలే.

---

సూక్ష్మజీవుల_మేడం | నల్గొండ | ఫిబ్రవరి 2, రాత్రి 9:40

మీ అమ్మాయి చెప్పింది నిజమే, ఒక్క సవరణతో. మీథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మీకు తగిలిన కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. బుడగలో ముఖ్యంగా ఉండేవి మీథేన్, నైట్రోజన్. ముక్కుకు తెలిసేది మాత్రం అందులో కొసరుగా ఉన్న సల్ఫైడే.

డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ మడి దగ్గరే మొదలుపెడతాను. నీళ్లు కట్టగానే మట్టిలోకి గాలి దారి మూసుకుపోతుంది. ఉన్న కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లోనే వాడేసుకుంటాయి. వాటికి ఊపిరి ఆగిపోకూడదు కాబట్టి ఆక్సిజన్ బదులు ఇంకోటి వెతుక్కుంటాయి. ముందు నైట్రేట్, తర్వాత మాంగనీస్, తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేట్. మన ఎర్ర చెల్క మట్టి నీళ్లలో నానాక బూడిద రంగులోకి తిరగడం మీరందరూ చూసే ఉంటారు. ఎర్రదనమంటే తుప్పు రూపంలో ఉన్న ఇనుమే. సూక్ష్మజీవులు దాన్ని ఊపిరికి వాడుకున్నాక ఆ ఎరుపు పోతుంది. సల్ఫేట్ వంతు వచ్చినప్పుడు మురిగిన గుడ్డు వాసన మొదలవుతుంది.

అవన్నీ అడుగంటాక మీథేన్ చేసే జీవుల కాలం వస్తుంది. వీటిని బ్యాక్టీరియా అని చాలామంది రాస్తారు, జవాబు పత్రాల్లో కూడా ప్రతి ఏడూ దిద్దుతూనే ఉంటాను. ఇవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా. 1977లో అమెరికాలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే శాస్త్రవేత్తలు కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోసోముల్లో ఉండే ఆర్ఎన్ఏను పోల్చి చూసి, మీథేన్ జీవులు బ్యాక్టీరియా వంశానికి చెందవని తేల్చారు. జీవుల్లో ఒక కొత్త శాఖ ఉందని లోకానికి తెలిసిందే వీటి వల్ల.

ఇవి గడ్డిని నేరుగా తినలేవు. మీరు తొక్కించిన కొయ్యకాళ్లను ముందు వేరే సూక్ష్మజీవులు చక్కెరలుగా విడగొడతాయి, ఇంకొన్ని వాటిని ఆమ్లాలుగా మారుస్తాయి. చివరికి మిగిలేవి ఎసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లపు రూపం), హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. విందులో ఆఖరి బంతికి కూర్చున్నవాళ్లలాగా మీథేన్ జీవులు ఆ మిగిలినవాటితో బతుకుతాయి. వరి మడిలో ఎక్కువ మీథేన్ ఎసిటేట్ నుంచి వస్తుంది. చలి దేశాల ఆమ్లపు పీట్ నేలల్లో హైడ్రోజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలిపి మీథేన్ చేసే జాతులదే తరచుగా పైచేయి. బంధువులే, వంట వేరు.

---

కోయిల్‌సాగర్_కుర్రాడు | దేవరకద్ర వైపు | ఫిబ్రవరి 2, రాత్రి 10:05

మేడం, అయితే గోబర్ గ్యాస్ తొట్టిలో ఉండేవి కూడా ఇవేనా? మా తాత కట్టించిన తొట్టి ఇంకా ఉంది.

---

సూక్ష్మజీవుల_మేడం | ఫిబ్రవరి 2, రాత్రి 10:12

ఇవే. ఆవు పొట్టలో కూడా వీటి జాతులే ఉంటాయి. పశువు నెమరు వేస్తూ తేన్పుల్లో వదిలే గ్యాస్ వీటి పనే. తొట్టిలో పట్టుకుంటే పొయ్యి మండుతుంది, మడిలో పట్టుకునే దారి లేదు.

---

నకిరేకల్_నుంచి_ఫిన్లాండ్ | ఫిబ్రవరి 3, ఉదయం 6:30

అన్నా, మీ పోస్టు చదివి ఆగలేకపోయాను. మాది నకిరేకల్. నేనిక్కడ పీట్ నేలల మీదే పరిశోధన చేస్తున్నాను. ఫిన్లాండ్ నేలలో దాదాపు మూడో వంతు పీట్.

పీట్ అంటే మట్టి అనుకోకండి. చచ్చిన నాచు, గడ్డి, వేర్లు నీళ్లలో మునిగి, చలికీ పులుపుకీ చివకకుండా వేల ఏళ్లుగా పేరుకున్న దొంతర. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. రెండు మీటర్ల లోతున ఇనుప గొట్టం దించి తీస్తే కడ్డీలాగా బయటికి వస్తుంది, ముదురు గోధుమ రంగులో, పిండితే కాఫీ డికాషన్ లాంటి నీళ్లు కారతాయి. మొదటిసారి చేతిలో పట్టుకున్నప్పుడు అందులో ఒక నాచు ఆకు చెక్కుచెదరకుండా కనిపించింది. అది సుమారు రెండు వేల ఏళ్ల కిందట, మన దగ్గర శాతవాహనుల కాలంలో బతికున్నది. ఆ పూటంతా దాన్నే చూస్తూ ఉండిపోయాను.

భూమ్మీద నేలలో పీట్ వాటా 3 శాతమే. కానీ మట్టిలో ఉన్న మొత్తం కర్బనంలో మూడో వంతు దాకా అందులోనే ఉంది. పీట్ మీద నడిస్తే పరుపు మీద నడిచినట్టు ఊగుతుంది, కాలు లోపలికి దిగితే మీ మడిలో లేచినట్టే బుడగలు లేస్తాయి. మేం ఒక పారదర్శకమైన డబ్బా బోర్లించి, లోపల పోగయ్యే గ్యాస్‌ను నిమిషం నిమిషం కొలుస్తాం.

ఇందులో నన్ను బాగా ఆశ్చర్యపరిచింది స్ఫాగ్నమ్ అనే నాచు. దాని ఖాళీ కణాల్లో మీథేన్ తినే బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. కింది నుంచి వచ్చే మీథేన్‌ను అవి తిని కార్బన్ డయాక్సైడ్ వదిలితే, దాన్ని నాచు తీసుకుని పెరుగుతుంది. మీ మడిలో కూడా మీథేన్ తినే జీవులున్నాయన్నా. వరి వేరు చుట్టూ, నీటి అడుగున పైపొర మట్టిలో, కాస్త ఆక్సిజన్ దొరికే చోట ఉంటాయి.

---

సూక్ష్మజీవుల_మేడం | ఫిబ్రవరి 3, ఉదయం 7:15

> వరి వేరు చుట్టూ

దీనికి ఒక మాట కలుపుతాను. వరి కాడలో గాలి గొట్టాలు ఉంటాయి. వాటిలోంచి ఆక్సిజన్ వేరుకు దిగుతుంది, అందుకే వరి నీళ్లలో బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న వేరు మీద నారింజ రంగు తుప్పు పూత కనిపిస్తుంది, అది ఆ ఆక్సిజన్ గుర్తు. అదే గొట్టంలోంచి అడుగున పుట్టిన మీథేన్ పైకి వెళుతుంది. మడి నుంచి పోయే మీథేన్‌లో చాలా భాగం, 90 శాతం దాకా కూడా, మొక్క గుండానే పోతుంది. కంటికి కనిపించే బుడగలు కొంతే.

---

పాలమూరు_యువరైతు | మహబూబ్‌నగర్ | ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 1:20

అన్నీ చదివాను. అందరూ మంచిగా చెబుతున్నారు, కానీ నాకు కడుపు మండుతున్నది. మా నాన్నా మా తాతా మట్టి పనికి దేశమంతా వలస పోయారు. పాలమూరు కూలీలు పనిచేయని డ్యామ్ లేదంటారు. మాకు నీళ్లు వచ్చి, వరి అన్నది కంటికి కనబడి ఎన్నేళ్లయింది? ఇప్పుడు నీళ్లు నిలబెడితే భూమి వేడెక్కుతుందని మాకు చెబుతారా? బొగ్గు, పెట్రోలు, విమానాలు ఎవరివి? అన్నం పండించేవాడి మీద లెక్క వేయడం న్యాయమా?

---

నకిరేకల్_నుంచి_ఫిన్లాండ్ | ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 3:50

తమ్మీ, నీ కోపం న్యాయమే. అంకెలు చూస్తే నీ మాటకు బలం కూడా ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఇచ్చిన నివేదికలో, మనుషుల వల్ల వెలువడే మీథేన్‌లో బొగ్గు, చమురు, గ్యాస్ తవ్వకాలది సుమారు 35 శాతం, పశువులది 32, చెత్త మురుగు 20. వరి 8 శాతం. అదే ఏడాది గ్లాస్గోలో మొదలైన మీథేన్ తగ్గింపు ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు. అన్నం కోసం పుట్టేదాన్నీ విలాసం కోసం పుట్టేదాన్నీ ఒకే తూకంలో వేయకూడదన్న వాదన మన దేశానిది. దాన్ని నేనూ ఒప్పుకుంటాను.

అయినా మీథేన్‌ను వదిలేయలేం. 20 ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది, 100 ఏళ్ల లెక్కలో సుమారు 28 రెట్లు. కానీ గాలిలో దాని ఆయుష్షు పన్నెండేళ్లే. ఇవాళ తగ్గిస్తే మన పిల్లలు పెద్దయ్యేలోపే ఫలితం కనిపిస్తుంది. ఎండలు ముదిరితే ముందు దెబ్బతినేది మన వరి పూతే, అది కూడా మన లెక్కే కదా.

రైతు మీద నేరం మోపడానికి ఈ మాట చెప్పడం లేదు. పెద్దాయన పైరు కోసం చెప్పిన మందు, మేం ఆకాశం కోసం చెప్పేది, రెండూ ఒకటే. అది చూసే నేను ఈ చర్చలోకి వచ్చాను.

---

కోయిల్‌సాగర్_కుర్రాడు | ఫిబ్రవరి 3, సాయంత్రం 6:00

ఒక డౌట్. నీళ్లుంటే మీథేన్ వస్తుంది కదా, మరి పీట్ నేలల నీళ్లు కూడా తీసేస్తే అయిపోదా?

---

నకిరేకల్_నుంచి_ఫిన్లాండ్ | ఫిబ్రవరి 3, రాత్రి 8:45

ఇది మంచి ప్రశ్న, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫిన్లాండ్‌లో అడవులు పెంచడానికి సగానికి పైగా పీట్ నేలల్లో కాలువలు తవ్వి నీళ్లు తీసేశారు. మీథేన్ తగ్గింది. కానీ వేల ఏళ్లుగా గాలి తగలకుండా దాచిన కర్బనానికి గాలి తగిలింది. అది చివికి కార్బన్ డయాక్సైడ్‌గా పోవడం మొదలుపెట్టింది, ఆగే లక్షణం లేదు.

ఇంకా పెద్ద ఉదాహరణ ఇండోనేషియాది. 1990ల నడుమ కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిలో కాలువలు తవ్వించి వరి పండించాలని ప్రభుత్వం పథకం పెట్టింది. ఆ ఆమ్లపు నేలలో వరి పండలేదు. నీళ్లు పోయి ఎండిన పీట్ మాత్రం 1997లో అంటుకుంది. పీట్ నేల లోపల రాజుకుని వారాల తరబడి పొగలేస్తుంది, పైన నీళ్లు చల్లితే ఆరదు. పక్క దేశాల దాకా పొగ కమ్మింది.

మన మడి సంగతి వేరు. పీట్‌లో ఎండు బరువులో సగం దాకా కర్బనమే. మన ఎర్ర చెల్కల్లో సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని పొలాలే ఎక్కువ. మడిని వారం ఆరబెడితే పోవడానికి అక్కడ వేల ఏళ్ల నిల్వ లేదు. మీథేన్‌గా మారేది ఈ పంటలో వేసిన గడ్డీ, వేర్లు వదిలే రసమూనే. అందుకే పీట్‌ను తడిగా ఉంచమంటాం, మడిని అప్పుడప్పుడు ఆరనివ్వమంటాం.

---

హాలియా_ఆడబిడ్డ | ఫిబ్రవరి 4, ఉదయం 5:50

మన దగ్గర పీట్ లేదా మరి? చెరువు నల్లమట్టి పీట్ కాదా? మిషన్ కాకతీయ అప్పుడు మేము ముప్పై ట్రాక్టర్లు తోలించుకున్నాం, జిగటగా నల్లగా ఉండేది.

---

సూక్ష్మజీవుల_మేడం | ఫిబ్రవరి 4, ఉదయం 7:30

అది ఒండ్రు అమ్మా, ఎక్కువ భాగం బంకమట్టి, దాంట్లో కొంచెం చివికిన ఆకూ గడ్డీ. పొలానికి మేలే చేస్తుంది. మన దగ్గర చెరువులు ఎండాకాలంలో ఎండుతాయి, ఆ ఎండకు చివకనిది ఉండదు, అందుకే పీట్ పేరుకోదు. మన దేశంలో నీలగిరి లోయల్లో పీట్ ఉంది. దాన్ని పొర పొరగా తీసి, వేల ఏళ్ల కిందట అక్కడ ఎప్పుడు గడ్డి మైదానం ఉందో ఎప్పుడు అడవి ఉందో చదివారు. కేరళ కుట్టనాడులో కరి నేలలని ఉన్నాయి, చెట్ల మొద్దులు మగ్గిన నల్లటి ఆమ్లపు నేలలు, వాటిలో వరి పండిస్తారు.

---

ఎడమకాలువ_రైతు | ఫిబ్రవరి 4, రాత్రి 9:00

అందరికీ దండాలు. పాలమూరు తమ్ముడు అడిగింది నా మనసులో మాటే.

పెద్దాయనా, ఆరబెట్టమన్నారు, ఆరబెట్టడం నా చేతిలో లేదు. మా పై మడి నీళ్లు నా మడిలోంచే కిందికి పోవాలి. పిల్లకాలువ మా దాకా రాదు. నేను మడవ కట్టేస్తే కింది మూడిళ్లవాళ్లకు నీళ్లుండవు, తీస్తే నా మడి ఎప్పుడూ నిండే ఉంటుంది. నిన్న రెండు చోట్ల గండి కొట్టి నీళ్లు వదిలితే తెల్లారేసరికి మళ్లీ పాదం మునిగేంత నిలిచింది.

---

విస్తరణ_పెద్దాయన | ఫిబ్రవరి 5, ఉదయం 6:20

ఆయకట్టులో అసలు గోడు ఇదే తమ్ముడూ. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఇన్నేళ్లయినా చాలా ఊళ్లలో తూము దాటితే నీళ్లు మడి నుంచి మడికే పారుతున్నాయి. పైవాడికి ఎక్కువై మురుగు, చివరి ఆయకట్టుకు కరువు. ఆరబెట్టండని రాసిన కాగితాల్లో ఈ సంగతి కనిపించదు.

పై రైతుతో మాట్లాడి, గెట్టు వెంబడి నీ మడి లోపలి అంచునే మూరెడు వెడల్పు బోదె తీసి, మట్టితో చిన్న కట్ట వెయ్యి. పై నీళ్లు ఆ బోదెలోంచి నేరుగా కిందికి పోతాయి. రెండు వరుసల వరి పోతుంది, పోనీ. నీ మడికి ఎప్పుడు కావాలంటే అప్పుడు కట్ట తెరుచుకోవచ్చు. ఒకరోజు ఇద్దరు మనుషుల పని.

---

హాలియా_ఆడబిడ్డ | ఫిబ్రవరి 5, ఉదయం 10:15

అన్నా, మాది బోరు. మా ఆయన పోయినప్పటి నుంచి సేద్యం నేనే చూసుకుంటున్నాను. 2018లో 24 గంటల కరెంట్ వచ్చాక అందరం ఆటో స్టార్టర్ పెట్టుకున్నాం, మోటర్ దానంతట అదే నడిచేది, మడి ఎప్పుడూ నిండుకుండ. ఒక ఏడు బోరు ఆగి ఆగి పోయసాగింది. రెండెకరాలకు నీళ్లు చాలక మడి ఆరింది. ఏడ్చాను. తీరా చూస్తే ఆరి తడిసిన మడిలోనే పిలకలు బాగా వచ్చాయి. వేర్లు తెల్లగా లోతుకు పోయాయి. దిగుబడి తగ్గలేదు.

అప్పటి నుంచి పైపు పెట్టి చూసుకుంటున్నాను. నాలుగించుల పీవీసీ పైపు, అడుగు పొడవు. కింది సగానికి చుట్టూ బెజ్జాలు వేసి, ఆ సగం మట్టిలో దించి, లోపలి మట్టి చేత్తో తీసేయాలి. పైన నీళ్లు కనిపించకపోయినా పైపులో ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. మట్టి మట్టానికి ఆరు అంగుళాలు కిందికి దిగితే మళ్లీ నీళ్లు పెడతాను. ముందు పుల్ల పెట్టి చూసేదాన్ని, ఇప్పుడు కంటి అంచనాకే తెలుస్తుంది.

కష్టం కూడా చెప్పాలి. మడి ఆరితే కలుపు పెరుగుతుంది. కూలీలు దొరకరు, దొరికినా మొదటి ఇరవై రోజుల్లోనే తీయించకపోతే చేయి దాటిపోతుంది. ఇంకోటి, రెండేళ్ల కింద ఒక కంపెనీవాళ్లు వచ్చి, నీళ్లు ఆరబెడితే కార్బన్ డబ్బులు (గ్యాస్ తగ్గించినందుకు ఇచ్చే పైకం) వస్తాయని ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు తీసుకుని సంతకాలు పెట్టించుకున్నారు. మా వాడకట్టులో పద్నాలుగు మంది ఇచ్చాం. మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఒప్పందం కాగితం కాపీ కూడా మా దగ్గర లేదు. ఎవరైనా వస్తే కాపీ చేతిలో పడకుండా సంతకం పెట్టకండి.

---

విస్తరణ_పెద్దాయన | ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 12:40

అమ్మా, నువ్వు చెప్పిన పైపు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రైతులకు నేర్పిన పద్ధతే. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థకు వెళ్లే రైతులు అక్కడా అడిగి తెలుసుకోవచ్చు. ఒకటే జాగ్రత్త. పూత సమయంలో, ముందో వారం వెనకో వారం, మడి ఆరనివ్వొద్దు. అప్పుడు రెండంగుళాల నీళ్లు ఉండాలి, లేకపోతే తాలు పెరుగుతుంది. చౌడు నేలల్లో కూడా ఈ పద్ధతి తొందరపడి చేయొద్దు, ఆరితే ఉప్పు పైకి తేలుతుంది.

---

పాలమూరు_యువరైతు | ఫిబ్రవరి 5, రాత్రి 8:10

హాలియా అక్క పోస్టు రెండుసార్లు చదివాను. నీళ్లు తక్కువైనా పండుతుందంటే మాకు అంతకన్నా కావలసింది ఏముంది. కాలువ వంతు ఆలస్యమైతే గుండె ఆగినంత పనయ్యేది.

మేడం, ఒకటి అడగాలి. సల్ఫేట్ వంతు అయ్యాకనే మీథేన్ వంతు అన్నారు. అంటే మడిలో సల్ఫేట్ ఎక్కువ వేస్తే మీథేన్ రాదా? అట్లయితే పెద్దాయన గంధకం వద్దంటున్నారెందుకు?

---

సూక్ష్మజీవుల_మేడం | ఫిబ్రవరి 5, రాత్రి 10:30

మా పిల్లల్లో ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే ఆ రోజంతా సంతోషంగా ఉండేదాన్ని. నిజమే. సల్ఫేట్ వాడుకునే బ్యాక్టీరియా హైడ్రోజన్, ఎసిటేట్ కోసం మీథేన్ జీవులతో పోటీపడి గెలుస్తాయి. జిప్సం, అమ్మోనియం సల్ఫేట్ వేసిన మడుల్లో మీథేన్ తగ్గినట్టు ప్రయోగాల్లో చూశారు. కానీ ఆ బ్యాక్టీరియా వదిలేది హైడ్రోజన్ సల్ఫైడే. గాలి ఆడని, మురుగు పోని మడిలో అది వేరును చంపుతుంది. ఈ అన్న మడిలో ఇప్పుడు అదే జరుగుతోంది. ఆకాశానికి మందు, వేరుకు విషం. గాలి పోనివ్వడం ఒక్కటే రెండింటికీ పనికొచ్చేది.

ఆరబెట్టడంలో కూడా ఒక మెలిక ఉంది, దాచకుండా చెప్పాలి. మడి ఆరి తడిసే సమయంలో నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో గ్యాస్ పుడుతుంది, 100 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. అది యూరియాలోని నత్రజని నుంచి వస్తుంది. యూరియా ఎంత వృథా అయితే అంత ఎక్కువ. చాలా కొలతల్లో మీథేన్ తగ్గిన లాభమే పెద్దది, అయినా యూరియా ఒక్కసారే గుమ్మరించకుండా దఫాలుగా వేయడం అవసరం. మీథేన్ విషయంలో ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2019 లెక్కల ప్రకారం, పంట కాలంలో ఒక్కసారి ఆరబెడితే సుమారు 30 శాతం, పలుమార్లు ఆరబెడితే 45 శాతం తగ్గుతుంది. ఈ జీవులు ఆరబెడితే చావవు, పని ఆపి కూర్చుంటాయి. నీళ్లు రాగానే మళ్లీ మొదలుపెడతాయి, కానీ ఇనుము మళ్లీ తుప్పు పట్టి, సల్ఫైడ్ మళ్లీ సల్ఫేట్‌గా మారి సిద్ధంగా ఉంటాయి కాబట్టి వాటి వంతు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే మనకు మిగులు.

కొయ్యకాళ్లు కాల్చొద్దు. నాటుకు కనీసం నెల ముందు, నీళ్లు పెట్టకముందే దున్ని కలిపితే చాలా భాగం గాలిలోనే చివుకుతుంది, మడిలో మీథేన్ జీవులకు మేత తగ్గుతుంది.

---

ఎడమకాలువ_రైతు | ఫిబ్రవరి 9, రాత్రి 8:30

నాలుగైదు రోజులుగా రాయలేకపోయాను. పై మడి రైతు నాకు వరసకు బావ. ముందు ఒప్పుకోలేదు, బోదె తీస్తే తన మడి నీళ్లు తొందరగా జారిపోతాయేమోనని భయం. ఆయన్ను తీసుకొచ్చి నా మడిలో దింపాను. బుడగలు చూశాడు. ఏమీ అనకుండా తన మడిలో ఒక దుబ్బు పీకి చూశాడు, అక్కడా నలుపే. మర్నాడు ఆయనే పార తెచ్చాడు. రెండు మడులకూ కలిపి బోదె తీశాం.

ఆదివారం బిడ్డ వచ్చింది. మూలన జాలు పట్టే గుంట ఒకటి ఆరలేదు, మోకాలు లోతు నీళ్లున్నాయి. అందులో పెద్ద నీళ్ల సీసా అడుగు కోసి, మూత బిగించి, నిలువుగా ముంచి పట్టుకుంది. నన్ను కర్రతో అడుగు కలబెట్టమంది. బుడగలు సీసాలోకి ఎక్కుతుంటే లోపలి నీళ్లు వేలు వేలు కిందికి దిగాయి. సగం నిండేదాకా ఆగింది. ఇటలీలో వోల్టా అనే ఆయన 1776లో ఒక సరస్సు ఒడ్డున ఇట్లనే కర్రతో కలిపి ఈ గాలిని పట్టాడని చెప్పింది. పొద్దుగూకాక మూత తీసి, సీసాను మెల్లగా నీళ్లలోకి నొక్కుతూ అగ్గిపుల్ల దగ్గర పెట్టమంది. మూతి మీద నీలం మంట, ఒక్క ఊపిరి సేపు. కంటికి సరిగ్గా ఆనేలోపే ఆరిపోయింది. బావ, నేను, బిడ్డ ముగ్గురం ఇంకోసారి పట్టాం.

---

సూక్ష్మజీవుల_మేడం | ఫిబ్రవరి 9, రాత్రి 9:05

మీ అమ్మాయిని ఒకసారి మా ల్యాబ్‌కు పంపండి, మైక్రోస్కోప్ కింద మీ మడి మట్టే చూపిస్తాను. కొన్ని మీథేన్ జీవులు అతినీలలోహిత కాంతి పడితే నీలి ఆకుపచ్చగా మెరుస్తాయి. పరీక్ష చేసేవాళ్లు ఆరుబయట, కొంచెం గ్యాస్‌తోనే చేయండి. మొహం దగ్గర పెట్టుకోవద్దు.

---

విస్తరణ_పెద్దాయన | ఫిబ్రవరి 10, ఉదయం 6:00

మడి ఎట్లా ఉంది? నెర్రె వచ్చిందా?

---

ఎడమకాలువ_రైతు | ఫిబ్రవరి 14, ఉదయం 7:00

వచ్చింది పెద్దాయనా. 11న వెంట్రుక మందం నెర్రెలు కనబడగానే సాయంత్రం కట్ట తెరిచి పలచగా నీళ్లు పెట్టాను, నిన్న యూరియా సగం వేశాను. ఇవాళ తెల్లారి నాలుగు చోట్ల దుబ్బులు పీకాను. పాత వేర్లు ఇంకా నల్లగానే ఉన్నాయి, మొదట్లోంచి మాత్రం తెల్లవి పొడుచుకొస్తున్నాయి, చిటికెన వేలంత పొడుగు. వాసన లేదు. మడిలో నడిస్తే అక్కడొకటి ఇక్కడొకటి తప్ప బుడగలు లేవు. మూల గుంట అట్లనే ఉంది, దానికి మురుగు కాలువ తీయాలి, ఎండాకాలంలో చూస్తాం.

హాలియా అక్కా, నాలుగించుల పైపు తెచ్చాను. బెజ్జాలు ఎంత దూరం దూరం వేయాలి? బావ కూడా అడుగుతున్నాడు.

---

హాలియా_ఆడబిడ్డ | ఫిబ్రవరి 14, ఉదయం 7:25

రెండు వేళ్ల ఎడంతో వెయ్యి అన్నా. గెట్టుకు మరీ దగ్గర కాకుండా, నీకు నడుస్తూ కనబడేంత దూరంలో దించు. లోపలి మట్టి తీయడం మర్చిపోకు, మా పక్క రైతు అది తీయకుండా పెట్టి పైపులో నీళ్లు కనబడడం లేదని రెండు తడులు ఎక్కువ కట్టాడు.